వేరే గరిటె

మా అమ్మాయి ఎనిమిదేళ్ళు నిండేదాకా హోటల్లో ఒక్క మెతుకు తినలేదు. పెళ్ళిళ్ళకి వెళితే బంతిలో మా పక్కనే కూర్చునేది కానీ, దాని ముందు ఆకు ఉండేది కాదు. ఇంటి నుంచి తెచ్చిన స్టీలు డబ్బా మూత తీసి, చల్లారిపోయిన పప్పన్నం చెంచాతో తినేది. వడ్డించేవాళ్ళు "పాపకి ఆకెయ్యలేదేటి?" అని అడిగితే, "నాకు వేరుశనగ పడదండి" అని తనే చెప్పేది. వాళ్ళు నవ్వేసి వెళ్ళిపోయేవారు. ఎవరో ఒక పెద్దమనిషి మాత్రం వదలడు. "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివయ్యా, ఒక్క ముద్ద పెట్టి చూడు, అదే అలవాటవుతుంది" అంటాడు. అలాంటి వాళ్ళతో నేను రెండు మూడు పెళ్ళిళ్ళలో గట్టిగానే గొడవపడ్డాను. నాకు నోరు ఎక్కువ. అవసరమైనచోట మాత్రం అది పెగలదని తర్వాత తెలిసింది.

దానికి రెండున్నరేళ్ళప్పుడు పక్కింటివాళ్ళు ప్రేమగా ఒక పప్పుండ చేతిలో పెట్టారు. బెల్లం పాకంలో వేరుశనగ గుళ్ళు కలిపి చుట్టిన ఉండ. సగం తిన్నాక ఒళ్ళంతా దద్దుర్లు తేలి, కళ్ళు మూసుకుపోయి, ఊపిరి ఈలలాగా వచ్చింది. రాజాం నుంచి విజయనగరం ఆసుపత్రికి వెళ్ళేలోపు నేనూ మా ఆవిడా ఎన్ని మొక్కులు మొక్కామో మాకే గుర్తులేదు. డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, ఇంక ఈ పిల్లకి వేరుశనగ అన్నది దగ్గరకి రానివ్వకూడదన్నారు. తినకపోతే చాలదు, అది వండిన గిన్నె, తిప్పిన గరిటె, వేయించిన నూనె కూడా తగలకూడదు. ఒక చిన్న పెట్టెలో సూదిమందూ సిరంజీ పెట్టిచ్చి, తొడకి ఎలా గుచ్చాలో మా ఆవిడకి నేర్పించారు. నాకూ నేర్పించారు, కానీ నేను నేర్చుకోలేదు. సూది చూడలేక ముఖం తిప్పుకున్నాను.

ఇంటికొచ్చి ఇదంతా మా అమ్మకి ఎలా చెప్పాలా అని దారంతా మథనపడ్డాను. మా అమ్మకి రెండోసారి చెప్పక్కర్లేకపోయింది. అంతా విని, "అంటే అంటు అన్నమాట" అంది. ఆ సాయంత్రానికల్లా ఇంట్లో వేరుశనగ గుళ్ళన్నీ బయటికి పోయాయి. పచ్చడి నూరే రోలు కూడా పోయింది. పిల్ల గిన్నెలు ఒక గూట్లో విడిగా చేరాయి. బయట ఏదైనా తిని వచ్చినవాళ్ళు చేతులు కడుక్కుని గాని పిల్లని ముట్టుకోకూడదు. యాభై ఏళ్ళుగా మడి కట్టుకున్న మనిషి. ఏది దేన్ని తాకితే ఏది పనికిరాకుండా పోతుందో ఆవిడకి ఒకరు చెప్పాలా? ఆవిడ చేతి కింద మా అమ్మాయికి ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఏమీ కాలేదు.

ఆ మాట ఒప్పుకోవడం నాకు కష్టం. ఎందుకంటే చిన్నప్పటి నుంచి నేను ఆ మడితోనే పోట్లాడాను. మా నాన్న గుడిలో అర్చకుడు. మా ఇంటి అరుగు చివర ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉండేది. కట్టెలు కొట్టడానికి వచ్చే మనిషికీ, పిడకలు తెచ్చే ఆవిడకీ ఆ గ్లాసులోనే నీళ్ళు. అది వాళ్ళే కడిగి, వాళ్ళే బోర్లించి పోవాలి. నాకు పధ్నాలుగేళ్ళప్పుడు ఒకరోజు ఒళ్ళు మండి ఆ గ్లాసు తీసుకెళ్ళి నూతిలో పడేశాను. నాన్న చెంప పగలగొట్టాడు. మర్నాటికి అమ్మ అరుగు మీద ఇంకో గ్లాసు పెట్టింది, అది వేరే సంగతి. ఈ కథ నేను చెప్పని మనిషి లేడు. పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాను. కాలేజీలో కుర్రాళ్ళకి పాఠం మధ్యలో చెప్పాను. ఆ ఒక్క గ్లాసుతో జీవితాంతం మంచివాడినని చెప్పుకుని తిరుగుదామనుకున్నట్టున్నాను.

నా ఉద్యోగం బొబ్బిలిలో. రోజూ రాజాం నుంచి బస్సు. మధ్యాహ్నం భోజనం బజారు వీధిలో ఒక చిన్న మెస్సులో. నాలుగు బల్లలు, గోడ మీద చర్చివాళ్ళిచ్చిన క్యాలెండరు, వంటా వడ్డనా అంతా ఒక్క మనిషే. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. నేను అక్కా అనేవాణ్ణి, ఆవిడ మాస్టారూ అనేది. ఆవిడ కులమేమిటో నాకు తెలుసు, నాదేమిటో, మా అమ్మ మడి ఏపాటిదో ఆవిడకి తెలుసు. మా కాలేజీలో మా కులం మనుషులు ఇద్దరున్నారు, వాళ్ళు ఆ గడప తొక్కరు. నేను తొక్కుతానని ఆవిడకి ఒక అభిమానం. ఆరేళ్ళు అక్కడ తిన్నందుకు నాకూ నా మీద ఒక అభిమానం. ఆవిడ గుత్తి వంకాయ కూర చేస్తే బజారులో సగం మంది అక్కడే ఉంటారు. వేరుశనగ గుళ్ళు వేయించి, నూరి కూరే కూర అది. అది తిన్న రోజున సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి, చొక్కా మార్చుకుని గాని నేను పిల్లని ఎత్తుకునేవాణ్ణి కాదు.

ఎనిమిదో పుట్టినరోజు దగ్గర పడుతుంటే, ఏం కావాలని అడిగాను మా అమ్మాయిని. గౌను వద్దంది, సైకిలు వద్దంది. "హోటల్లో భోజనం చెయ్యాలి. నాకు కూడా ఆకు వెయ్యాలి. డబ్బా తేకూడదు" అంది. మా ఆవిడ నా వంక చూసింది. చిన్న హోటల్లో ఎవర్ని నమ్ముతాం, పెద్ద హోటల్లో వంటింట్లోకి ఎవరు రానిస్తారు? నాకు వెంటనే అక్క గుర్తొచ్చింది. ఆరేళ్ళుగా ఎరిగిన మనిషి, శుభ్రమైన చెయ్యి, ఏది చెప్పినా వింటుంది. మా ఆవిడ చాలాసేపు ఆలోచించి సరేనంది. "మీరు ముందురోజు వెళ్ళి అన్నీ విప్పి చెప్పాలి. గరిటె సంగతి కూడా" అంది.

గరిటె సంగతి ఏమిటంటే, ఆ మెస్సులో వడ్డన పద్ధతి అలాంటిది. నాలుగు గిన్నెలు ఒకే పిడికి బిగించి ఉంటాయి. ఒకదాంట్లో పప్పు, ఒకదాంట్లో కూర, ఒకదాంట్లో వేపుడు, ఇంకోదాంట్లో పచ్చడి. ఎడం చేత్తో ఆ గుత్తి పట్టుకుని, కుడి చేత్తో ఒకే గరిటెతో నాలుగూ వడ్డించుకుంటూ పోతుంది. కూరలో ముంచిన గరిటెని అంచుకి రాసి పప్పులో పెడుతుంది. వేగంగా, ఒక్క చుక్క కింద పడకుండా. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మా అమ్మాయికి మాత్రం ఆ గరిటె విషం.

శనివారం మధ్యాహ్నం అందరూ వెళ్ళిపోయేదాకా కూర్చున్నాను. అక్క బల్లలు తుడుస్తోంది.

"అక్కా, రేపు మా పాప పుట్టినరోజు. ముగ్గురం ఇక్కడికే భోజనానికి వస్తాం."

"తెండి బాబూ! ఇన్నాళ్ళకి తెస్తన్నారా?" అంది. ముఖమంతా నవ్వే.

"దానికి వేరుశనగ పడదక్కా. కొంచెం తిన్నా ఒళ్ళు పొంగిపోతుంది."

"ఓస్, అంతేనేటి! వంకాయ పిల్లకి ఎయ్యను. పప్పు ఉంటాది, సారు ఉంటాది, గడ్డ పెరుగుంటాది. ఇంకేటి కావాల?"

"అది కాదక్కా. దానికి గరిటె వేరే... గిన్నె కూడా వేరేది పెడితే..."

బల్ల తుడుస్తున్న చెయ్యి ఆగింది. ఆవిడ నా ముఖంలోకి చూడలేదు, బల్ల మీదకే చూస్తూ, "వేరే గరిటా?" అంది. చాలా మామూలుగా అడిగింది. "మీ అమ్మగారు కూడా వస్తన్నారేటి మాస్టారూ?"

కోపం లేదు ఆ గొంతులో. ఆరేళ్ళుగా నేను కూడబెట్టుకున్న మంచితనమంతా ఆ ఒక్క ప్రశ్నతో పోతున్నట్టనిపించింది. అరుగు మీది గ్లాసు కళ్ళ ముందుకొచ్చింది. అది డాక్టరు చెప్పిన గరిటె అక్కా, అని చెప్పడానికి ఒక్క నిమిషం పడుతుంది. పప్పుండ కథ చెబితే రెండు నిమిషాలు. నేను చెప్పలేదు.

"లేదక్కా, లేదు. అలాంటిదేం లేదు. మామూలుగానే పెట్టెయ్" అన్నాను.

బస్సులో నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. ముందు పిల్లకే వడ్డిస్తుందిలే, అప్పటికి గరిటె ఇంకా కూరలో మునగదులే, అని. ఇంటికి రాగానే మా ఆవిడ అడిగింది, గరిటె సంగతి చెప్పారా అని. చెప్పానన్నాను. చెప్పి, వెనక్కి తీసుకున్నానని మాత్రం అనలేదు.

ఆదివారం మా అమ్మాయి పొద్దున్న ఆరింటికే తయారైపోయింది. మెస్సులో కూర్చున్నాక అక్క అరిటాకు తెచ్చి దాని ముందు పరిచింది. అందరూ చేసేది ఎన్నేళ్ళుగా చూసిందో పిల్ల, నీళ్ళు చేతిలో పోసుకుని ఆకు మీద చల్లి, అరచేత్తో తుడిచి, వడ్డించండి అన్నట్టు వెనక్కి జరిగి కూర్చుంది. మా ఆవిడ లేచి, "నేనొకసారి వంటింట్లో చూసొస్తాను" అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. "ప్రతిచోటా పరీక్ష పెట్టకు. చెప్పానన్నాను కదా" అని విసుక్కున్నాను కూడా.

అక్క గుత్తి పట్టుకుని వచ్చింది. పక్క బల్ల దగ్గర ఇద్దరు ముందే కూర్చుని ఉన్నారు, వాళ్ళకి వంకాయ వేసింది. గరిటెని గిన్నె అంచుకి రాసి, మా వైపు తిరిగి, పప్పులో ముంచి, మా అమ్మాయి ఆకులో వేసింది. పుట్టినరోజని రెండు గరిటెలు వేసింది, పైన నెయ్యి వేసింది. మా ఆవిడ అప్పుడు సంచిలో రుమాలు కోసం వెతుకుతోంది. నేను చూశాను. గరిటె అంచుకి రాయడం, పప్పులో మునగడం, రెండూ చూశాను. చూసి ఊరుకున్నాను.

పిల్ల నాలుగు ముద్దలు తింది. ఐదో ముద్ద దగ్గర, "నాన్నా, నాలిక దురదగా ఉంది" అంది. ఆ తర్వాత దగ్గు. పెదవి వాచింది, మెడ మీద ఎర్రగా పొంగింది. ఏదో చెప్పబోతే గొంతు రాలేదు. నేను లేచి నిలబడ్డాను, అంతే, నిలబడే ఉన్నాను. మా ఆవిడ పెట్టె తెరిచింది, మందు ఎక్కించింది, పిల్లని బల్ల మీద పడుకోబెట్టి తొడకి గుచ్చింది. అక్క గుత్తి కింద పెట్టేసి వీధిలోకి పరిగెత్తి, రోడ్డుకి అడ్డంగా నిలబడి ఒక ఆటో ఆపింది. ఆసుపత్రి దాకా పిల్ల కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ, "ప్రభువా, ప్రభువా" అంటూనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టర్లు వెంటనే చూశారు. సూది సమయానికి వేశారు కాబట్టి సరిపోయింది అన్నారు. సాయంత్రానికి వాపు తగ్గి, మా అమ్మాయి నిద్రపోయింది. అప్పుడు వరండాలో మా ఆవిడ అక్కని అడిగింది. అరవలేదు, ఏడవలేదు. "గరిటె వేరేది వాడమని ఈయన నిన్న చెప్పారు కదండీ?"

అక్క నా వైపు చూసింది. నేను కళ్ళు దించుకున్నాను.

"సెప్పారమ్మా," అంది. "నేనే మర్సిపోయాను."

నేను నోరు విప్పలేదు. నా తప్పు ఇంకో మనిషి నెత్తిన పడుతుంటే పక్కనే నిలబడి విన్నాను. పైగా ఆ క్షణంలో నాకు కలిగింది ఏమిటో కూడా చెప్పాలి. హమ్మయ్య అనిపించింది.

ఇంట్లో నాలుగు రోజులు అదే మాట. మా ఆవిడ ఆ మెస్సు ఊసెత్తితే పళ్ళు కొరికేది. చెప్పాక కూడా మర్చిపోతుందా, ఏం మనిషి, అని. నేను విని లేచి అవతలికి పోయేవాణ్ణి. నాలుగో రోజు భోజనాల దగ్గర మా అమ్మ అందుకుంది. "వాళ్ళ చేతి వంట వద్దని నేను ముందే మొత్తుకున్నాను. వాళ్ళకేం తెలుస్తుందిరా శుభ్రం?" అంది.

మా అమ్మాయి తలెత్తి, "వాళ్ళంటే ఎవరు నాయనమ్మా?" అని అడిగింది.

పధ్నాలుగేళ్ళ వయసులో ఏ మాటకి ఒళ్ళు మండి గ్లాసు నూతిలో పడేశానో, అదే మాట ఇప్పుడు నా కంచం పక్కన నా అబద్ధం మీద నిలబడి మాట్లాడుతోంది. వింటున్నది నా కూతురు.

"ఆవిడ మర్చిపోలేదు. నేను చెప్పలేదు" అన్నాను. మొదలుపెట్టాక ఆపలేకపోయాను. శనివారం జరిగినదీ, గరిటె అంచుకి రాయడం నేను చూసి ఊరుకున్నదీ, అన్నీ చెప్పాను. మా ఆవిడ చెయ్యి కడుక్కుని లేచింది. "అది చచ్చిపోయేది" అని ఒక్క మాట అని గదిలోకి వెళ్ళిపోయింది. నాతో మళ్ళీ మామూలుగా మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది. పట్టాల్సిందే. మా అమ్మ మాత్రం ఆశ్చర్యంగా చూసి, "అడగడానికి సిగ్గేవిఁట్రా? నేనైతే అడిగేదాన్ని" అంది. అడిగేదే. ఆవిడ తప్పుడు కారణానికి జీవితమంతా సిగ్గు లేకుండా అడిగింది. సరైన కారణానికి ఒక్కసారి అడగాల్సి వస్తే నాకు నోరు రాలేదు.

మర్నాడు మెస్సుకి వెళ్ళాను. ఎవరూ లేని వేళ చూసుకునే వెళ్ళాను. అక్క బియ్యం ఏరుతోంది. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను, మా ఆవిడ ముందు నింద నీ మీద పడుతుంటే నోరు విప్పనందుకు క్షమించమని. గ్లాసు కథ కూడా చెప్పాను, మొదటిసారి గొప్పలు పోకుండా. నీ మనసు నొచ్చుకుంటుందని భయపడ్డానక్కా, అన్నాను.

ఆవిడ చేట కింద పెట్టింది.

"నా మనసు నొచ్చుకుంటాదని పిల్ల పేణం మీదకి తెస్తారా? అలాటి గళాసుల్లో నేను తాగేను మాస్టారూ. మా అమ్మ తాగింది. ఆ గళాసేటో, డాట్రు సెప్పిన గరిటేటో నాకు తెలీదా? ఇడమరిసి సెప్తే నాకు అర్థం కాదనుకున్నారు మీరు. మీ అమ్మగారు గళాసు వేరే పెట్టేరు. మీరు నాకు బుర్ర లేదనుకున్నారు. ఏది నయం?"

ఆ రోజు నువ్వెందుకు నన్ను కాపాడావు అని అడగబోతే చెయ్యి ఊపేసింది. "మిమ్మల్నేటి, నాకు మీతో పనేటి? ఆయమ్మ పిల్ల బెంగతో కూకున్నాది. అప్పుడు మొగుడి మీద కోపం కూడా ఎందుకని అన్నాను. అంతే. ఎల్లండి, పనుంది" అంది.

ఆ తర్వాత చాలా నెలలు మా అమ్మాయి బయట ఏమీ తినలేదు. స్కూల్లో స్నేహితుల పక్కన కూర్చోవడం కూడా మానేసింది. పెళ్ళికి డబ్బా తీసుకెళ్ళినా, మూత తీసేముందు వాళ్ళమ్మని అడిగేది, నువ్వే పెట్టావా అని. నన్ను అడిగేది కాదు. బంధువుల ఇంట్లో ఎవరికైనా దాని సంగతి నేను చెప్పి వచ్చానంటే, నా ముఖంలోకి చూసి, "నిజంగా చెప్పావా నాన్నా?" అనేది. అలిగి కాదు, కోపంతో కాదు. మంచినీళ్ళు చల్లగా ఉన్నాయా అని అడిగినట్టు అడిగేది. అందుకే అది గుచ్చుకునేది. దాంతో నేను ఒక అలవాటు చేసుకున్నాను. ఎక్కడికి వెళ్ళినా దాని చెయ్యి పట్టుకుని వంటవాళ్ళ దగ్గరకి తీసుకెళ్ళి, దాని ముందే అన్నీ చెప్పడం. గరిటె, గిన్నె, నూనె, చెయ్యి. కొందరు విసుక్కుంటారు. కొందరు నన్ను పైనుంచి కిందికి చూసి, మీరేమిట్లు అని కులం అడుగుతారు. అయినా పూర్తిగా చెబుతున్నాను.

తొమ్మిదో పుట్టినరోజుకి ఏం కావాలని నేను అడగలేదు. అదే చెప్పింది. "ఆ అత్త దగ్గరికే వెళ్దాం" అంది. మా ఆవిడ నా వంక చూడకుండా, "ఈసారి నేను వెళ్ళి మాట్లాడతాను, మీరు నా పక్కన నిలబడండి" అంది. ముందురోజు ఇద్దరం వెళ్ళాం. వరండాలో ఆ రోజు అలా అడిగినందుకు మా ఆవిడే మొదట క్షమాపణ అడిగింది. తర్వాత చెప్పాల్సినవన్నీ నన్నే చెప్పమంది. నేను చెప్పాను, అక్క ఒక్కొక్కటే వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వింది.

ఆదివారం వంకాయ కూరే లేదు. రోజూ వచ్చేవాళ్ళు గొణిగితే, "ఇయ్యాల లేదు. తింటే తినండి, లేపోతే ఎల్లండి" అంటోంది. పొయ్యి పక్కన విడిగా మూత పెట్టిన చిన్న గిన్నె, దాని మీద ఒక గరిటె. మా ఆవిడ లోపలికి వెళ్ళి చూసి వచ్చింది. నేను ఆపలేదు.

అక్క ఆకు తెచ్చి మా అమ్మాయి ముందు పరిచింది. ఈసారి అది నీళ్ళు చల్లుకోలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, నన్ను కాదు, ఆవిడని అడిగింది.

"అత్తా, మా నాన్న చెప్పాడా?"

మెస్సులో ఇంకా నలుగురైదుగురు తింటున్నారు. అక్క నా వైపు చూసింది, ఆసుపత్రి వరండాలో చూసినట్టే. ఈసారి నేను కళ్ళు దించుకోలేదు.

"ఈసారి సెప్పాడమ్మా," అంది.

మా అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, గ్లాసు అందుకుని, ఆకు మీద నీళ్ళు చల్లుకుంది.